ముందు సమాధి, తర్వాతే పునాది

మందిర నిర్మాణ కానుక తెలియని తెలుగు క్రైస్తవ సంఘం ఉండదు. ఒకరు సిమెంటు బస్తాలకు మాటిస్తారు, ఒకరు రేకులకు, ఇంకొకరు మైకుసెట్టుకు. మాల, మాదిగ పల్లెల్లో ఎన్నో చర్చిలు అలాగే లేచాయి. అందులో తప్పేమీ లేదు. అదే పద్ధతిని గోదావరి దాటించి ‘బస్తర్‌లో మందిరం కట్టిద్దాం’ అని పిలుపునివ్వడం దగ్గరే నా పేచీ. బస్తర్ క్రైస్తవుడికి ఇవాళ కరువైంది పైకప్పు కాదు, చచ్చాక పూడ్చుకునే నేల.

2025 జనవరి 7న బస్తర్ జిల్లా దర్భా బ్లాకులోని ఛింద్వాడాలో ఒక పాస్టర్ చనిపోయారు. మహరా కులం, అంటే షెడ్యూల్డ్ కులం. ఊరి శ్మశానంలో పూడ్చనివ్వలేదు. సొంత పొలంలో పూడ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. హైకోర్టు కొడుకు పిటిషన్‌ను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు జనవరి 27న తీర్పు చెప్పేనాటికి శవం మార్చురీలో చేరి ఇరవై రోజులు. పొలంలో పూడ్చుకోనివ్వండని జస్టిస్ బి.వి. నాగరత్న అన్నారు. క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. శవాన్ని ఇంకా ఆపలేక, మూడో జడ్జికి పంపకుండా, ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలోని కర్కాపాల్‌కు తీసుకెళ్లమన్నారు.

సరే, శ్మశానానికే చందాలెత్తి స్థలం కొందాం అంటారా? అంబేడ్కర్‌వాదులు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. ఊరికి శ్మశానం ఉండగా మన డబ్బుతో మనమే దూరంగా ఇంకొకటి కొనుక్కోవడమంటే, స్టాంపు డ్యూటీ కట్టి మరీ మన వెలిని రిజిస్టర్ చేయించుకోవడమే. బతికున్నప్పుడు వెలివాడ, చచ్చాక వెలి శ్మశానం. పంచాయతీ చేయాల్సిన పనిని మన హుండీ నెత్తికెత్తుకుంటే పంచాయతీకి అంతకన్నా హాయి ఏముంటుంది?

పైగా కొనడం కూడా తేలిక కాదు. అక్కడ అమల్లో ఉన్న 1959 భూ రెవెన్యూ కోడ్‌లోని 165(6) సెక్షన్ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. మన 1/70 చట్టం లాంటిదే. 1997 సమతా తీర్పును గొప్పగా చెప్పుకునే మనం చర్చి కోసం ఆ కంచెకు కన్నం పెట్టమని అడగలేం, అడగకూడదు. అందుకే చాలాచోట్ల ప్రార్థన ఒక విశ్వాసి ఇంట్లోనో, అతని పట్టా భూమిలో వేసిన షెడ్డులోనో జరుగుతుంది. ఆ కుటుంబాన్ని ఊరు తరిమేసిన రోజే మీ రేకులూ పోతాయి. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో వందలాది ఆదివాసీ క్రైస్తవులు అలాగే ఇళ్లు వదిలి వచ్చారు. పక్కా భవనమైనా గతి అంతే. 2023 జనవరి 2న నారాయణపూర్ పట్టణంలోని చర్చిని ధ్వంసం చేశారు. అడ్డుపడిన జిల్లా ఎస్పీ తలే పగిలింది.

ఇదంతా విదేశీ డబ్బు మహిమ అని సంఘ్ పరివార్ పాట. 2020 ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడమే నిషిద్ధం. కాబట్టి బస్తర్ సంఘం నిధి బస్తర్ చేతుల్లోంచే మొదలవ్వాలి. ఇది చట్టానికి భయపడి చెప్పే మాట కాదు. మిషన్ల బళ్లు, ఆసుపత్రుల ఖర్చు మతం మారిన అంటరానివారి కన్నా సవర్ణ హిందువులకే ఎక్కువ ఉపయోగపడిందని బాబాసాహెబ్ ఏనాడో నిలదీశారు. 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకున్న జనానికి ఆయన చెప్పింది కూడా మీ సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మానికి ఇవ్వమనే. లెక్క అడిగే హక్కు ఇచ్చినవాడికే ఉంటుంది.

ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏముంది అనకండి. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, వడ్లు ఉన్నాయి. 2024 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో తునికాకు స్టాండర్డ్ బ్యాగుకు 5,500 రూపాయలు ఇస్తున్నారు. జీతగాళ్లకు తయారుచేసిన నెలవారీ ప్లెడ్జ్ కార్డు అక్కడికి పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు డబ్బు, చలికాలంలో వడ్ల డబ్బు చేతికొచ్చినప్పుడే వసూలు. ఇంకొక్క మాట. పాలరాతి మీద దాతల పేర్లు చెక్కే సరదా ఇక్కడితో ఆపండి. బస్తర్‌లో ఆ పేర్ల పట్టికే రేపు తరిమేయాల్సిన ఇళ్ల జాబితా అవుతుంది.

చట్టం ఎటుందో కూడా చూసుకుని లెక్క వేయాలి. పాస్టర్ల రాకను నిషేధిస్తూ కాంకేర్ జిల్లా ఊళ్లలో పెట్టిన బోర్డులు రాజ్యాంగ విరుద్ధం కాదని 2025 అక్టోబరులో అక్కడి హైకోర్టు అంది. క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి అట్రాసిటీ చట్టం వర్తించదని అదే ఏడాది ఏప్రిల్ 30న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. దాని వెనక ఉన్నది 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. ఆదివాసీకి ఎస్టీ హోదా మతంతో పోదు, అదే బెంచీ మీద కూర్చునే మహరాకు ఎస్సీ హోదా పోతుంది. ఒకే సంఘంలో రెండు రకాల చట్టబద్ధ మనుషులు! వకీలు ఖర్చు లేని నిర్మాణ బడ్జెట్ బస్తర్‌లో బడ్జెట్టే కాదు.

కాబట్టి హైదరాబాద్, విశాఖ సంఘాలు డబ్బే పంపదలిస్తే మొదటి పద్దు ఇటుకలకు కాదు, కాగితాలకు పెట్టండి. ఊరి శ్మశానం ఖస్రా నంబరు ఎంత, పంచాయతీ రికార్డులో ఏమని రాసి ఉంది, ఏ ఏడాది ఎవరిని అందులో పూడ్చారు, గ్రామసభ తీర్మానాల నకళ్లు ఎక్కడున్నాయి? ఇవి తీయడానికి గోండీ, హల్బీ తెలిసిన స్థానిక యువకులకు కూలి కట్టివ్వండి. మన న్యాయ విద్యార్థులు సెలవుల్లో వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవచ్చు. ఛింద్వాడా శ్మశానంలో క్రైస్తవులకూ ఒక వైపు ఉందని ఆ కుటుంబం కోర్టుకు చెప్పుకుంది. అయితే అది పంచాయతీ నోటిమాటగా ఇచ్చింది. రాతలో లేదు.