మోటారు ఆగితే పరిగెత్తాం, బడి ఆగితే?

గత నెల ఒక సోమవారం రాత్రి మా మండలంలో ఈదురుగాలి వీచింది. పావుగంట గాలి, నాలుగు చినుకులు. అంతే. ఊరి బయట వేపచెట్టు కొమ్మ పదకొండు కేవీ లైను మీద విరిగి పడింది. మూడు స్తంభాలు ఒరిగాయి. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తెల్లారేసరికి ఇళ్లకు కరెంటు లేదు, చేలల్లో మోటార్లకు లేదు, బడికీ లేదు.

బుధవారం పొద్దున్నే మేము అరవై మందిమి సబ్‌స్టేషన్ ముందు కూర్చున్నాం. నాటి పది రోజులు కాని మిరప మొక్క ఎండుతుంటే ఎవరు ఇంట్లో కూర్చుంటారు? ఏఈ వచ్చారు, మాట ఇచ్చారు, గురువారం మధ్యాహ్నానికి వ్యవసాయ ఫీడరు నిలబడింది. మోటార్లు నడిచాయి. గెలిచామనుకుని ఇళ్లకు వెళ్లాం.

బడి గేటుకు వేసిన తాళం మాత్రం అలాగే ఉంది. మంగళవారం వేసిన తాళం శనివారం దాకా తీయలేదు. ఐదు బడి రోజులు పోయాయి. కారణం అడిగితే చెప్పింది ఒక్కటే: కరెంటు లేదు, బోరు మోటారు నడవదు, ట్యాంకులో నీళ్లు లేవు, మరుగుదొడ్లకు నీళ్లు లేవు, వంటకు నీళ్లు లేవు.

మంగళవారం బడి మూయడాన్ని మేము తప్పు పట్టడం లేదు. తీగలు నేల మీద పడి ఉన్న ఊళ్లో పిల్లలను బయటకు పంపకపోవడమే మంచిది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో ఎన్ని స్తంభాలు కూలాయో, ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మనందరికీ తెలుసు. అలాంటప్పుడు బడి మూయక తప్పదు. కానీ మా ఊళ్లో బుధవారం సాయంత్రానికే పడిన తీగలు తీసేశారు. దారులు బాగున్నాయి. ఎండ కాసింది. ఆ తర్వాత మూడు రోజులు బడి మూసి ఉంచింది గాలి కాదు, ఎవరికీ పట్టకపోవడం.

ఆ ఐదు రోజులూ ఊళ్లోకి ప్రైవేటు స్కూలు బస్సు వచ్చింది, పోయింది. పొద్దున ఏడున్నరకు హారన్ కొట్టింది, సాయంత్రం ఐదింటికి దించింది. ఆ పిల్లలు చదువుకునే చోట జనరేటర్ ఉంది. మన బడి పిల్లలు అరుగుల మీద కూర్చుని ఆ బస్సును చూశారు. ఫీజు కట్టగలిగినవాడి పిల్లకు బడి ఉంది, కట్టలేనివాడి పిల్లకు సెలవు. ఇది చూసిన ఏ కౌలు రైతు వచ్చే జూన్‌లో అప్పు చేసైనా పిల్లను ఆ బస్సు ఎక్కించాలని అనుకోడు? విత్తనానికి, మందుకు, కౌలుకు చేసే అప్పుల పక్కన ఫీజు అప్పు ఎలా చేరుతోందని అడిగేవారికి ఇదే జవాబు. సర్కారు బడికి పడిన ప్రతి అనవసరపు తాళమూ ప్రైవేటు బడికి ఖర్చు లేని ప్రచారం.

బడి మూస్తే పిల్లలు ఎక్కడికి పోతారు? పత్తి తీతకు పోయే తల్లికి రెండే దారులు. కూలి మానుకుని ఇంట్లో ఉండాలి, లేదా పిల్లను వెంట తీసుకుపోవాలి. రెండు రోజులు మానుకున్న తల్లులు మూడో రోజు పిల్లలను చేలోకి తెచ్చారు. మూడో తరగతి చదివే పిల్ల, మందు కొట్టి రెండు రోజులు కాని చేలో, తల్లి కొంగు పట్టుకుని పత్తి ఏరింది. పదో తరగతి ఆడపిల్లలు ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటూ ఉండిపోయారు. "మా పిల్ల చదువు కరెంటు తీగకు వేలాడుతోందా అన్నా?" అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక అన్నం సంగతి. బడిలో మధ్యాహ్న భోజనం దానం కాదు, హక్కు. 2013 ఆహార భద్రత చట్టం ఆ హక్కు ఇచ్చింది. 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం, బడి రోజున ఏ కారణం చేతనైనా భోజనం పెట్టలేకపోతే, పిల్లవాడికి రావలసిన బియ్యం, వంట ఖర్చు లెక్కగట్టి తర్వాతి నెల 15వ తేదీలోగా ఆహార భద్రత భృతిగా ఇవ్వాలి. అయితే చట్టంలో ఒక మాట ఉంది: బడి సెలవు రోజులకు ఈ హక్కు వర్తించదు. అందుకే రిజిస్టరులో ఏ మాట రాశారన్నది చిన్న విషయం కాదు. "భోజనం పెట్టలేకపోయాం" అని రాస్తే ప్రభుత్వం బాకీ పడుతుంది. "సెలవు" అని రాస్తే ఆ బాకీ ఉండదు. కరెంటు పోయింది విద్యుత్ సంస్థ వల్ల, బడి మూసింది విద్యాశాఖ, అన్నం పోయింది పిల్లవాడికి. తప్పు చేసినవాడు ఒకడు, శిక్ష ఇంకొకడికి.

అడిగితే ఎవరేం చెప్పారో కూడా రాయాలి. హెడ్మాస్టరు గారు పైనుంచి ఆదేశం లేదన్నారు. మండల విద్యాధికారి కరెంటు వాళ్లను అడగమన్నారు. కరెంటు ఆఫీసులో ట్రాన్స్‌ఫార్మర్ స్టోరు నుంచి రావాలన్నారు. లైన్‌మన్‌ను మేము నిందించం. నాలుగైదు ఊళ్లకు ఒక్కడు, చేతికి సరైన గ్లవుజులు కూడా లేకుండా స్తంభం ఎక్కుతున్నాడు. టీచర్లనూ నిందించం. నీళ్లు లేని మరుగుదొడ్లతో ఆడపిల్లలను సాయంత్రం దాకా కూర్చోబెట్టమని వాళ్లను ఎలా అడుగుతాం? మా తగవు వీళ్లతో కాదు. ఖాళీ పోస్టులు నింపనివారితో, చెట్ల కొమ్మలు కొట్టించనివారితో, బడికి రెండో నీటి దారి లేకుండా చేసినవారితో.

ప్రకృతి వైపరీత్యం అంటారు. ఏ వైపరీత్యం? ఆ వేపకొమ్మ తీగలను రాసుకుంటోందని మేము రెండు సీజన్ల నుంచి చెబుతున్నాం. గాలి వచ్చినప్పుడల్లా అక్కడ నిప్పురవ్వలు రాలేవి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వేసవిలోనే ఆయిలు కారింది. అదీ చెప్పాం. కొమ్మ కొట్టడానికి ఒక కత్తి, ఒక పూట లైన్ క్లియర్ చాలు. ఆ పని చేయకుండా గాలి మీద నెపం వేస్తే ఊరుకోవాలా?

పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాలు చెబుతున్నాయి. 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు తప్పితే నష్టపరిహారం ఇవ్వాలి. మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది తొమ్మిదో రోజు సాయంత్రం. అది కూడా మేము చందాలు వేసుకుని, ట్రాక్టరు కిరాయి కట్టి తెచ్చుకుంటే. ట్రూఅప్ చార్జీలు బిల్లులో కలపడంలో చూపే తొందర ట్రాన్స్‌ఫార్మర్ పంపడంలో ఎందుకు లేదు?

ఒకప్పుడు బడి ఆవరణలో బోరింగు పంపు ఉండేది. కరెంటుతో పని లేకుండా పిల్లలే కొట్టుకుని తాగేవారు. ఇప్పుడు బడికి ఫ్యాన్లు వచ్చాయి, కుళాయిల మరుగుదొడ్లు వచ్చాయి, గోడకు డిజిటల్ తెర వచ్చింది. మంచిదే, మన పిల్లలకు అవన్నీ కావాలి. కానీ అన్నింటినీ ఒకే తీగకు కట్టి, పాత బోరింగును పాడుబెట్టారు. పాఠం చెప్పడానికి కరెంటు అక్కర్లేదు. చెట్టు నీడ చాలు, బోర్డు చాలు, టీచరు చాలు. లేనిది నీళ్లు.

ఆ సంగతి ఎలా తేలిందో చెబుతాం. ఆదివారం సాయంత్రం తల్లిదండ్రులు రామాలయం దగ్గర కూర్చున్నారు. ఒకరు నీళ్ల ట్యాంకరు ఇస్తామన్నారు. మందు కొట్టే ట్యాంకు కాదు, పెళ్లిళ్లకు తాగునీళ్లు తెచ్చే ట్యాంకరు. ఒకరు డీజిల్ పోయిస్తామన్నారు. నలుగురు పుల్లల మోపులు తెచ్చారు. సోమవారం ఎనిమిదింటికల్లా ట్యాంకరు బడి ముందు నిలబడింది. హెడ్మాస్టరు గారు తాళం తీశారు. పదకొండింటికి అన్నం ఉడికింది. ఊరికి కరెంటు అప్పటికి ఇంకా రాలేదు, బడి మాత్రం నడిచింది. అంటే ఐదు రోజులు మన పిల్లల చదువును ఆపింది ఒక ట్యాంకరు నీళ్లు!

ఇక్కడ మన మాట కూడా మనం చెప్పుకోవాలి. ఆ ట్యాంకరు బుధవారమే మన దొడ్లో ఉంది. బుధవారం సబ్‌స్టేషన్ ముందు కూర్చున్న మేము ఫీడరు గురించే అడిగాం, బడి ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక్క మాట అడగలేదు. మోటారు ఆగితే అరవై మందిమి పోయాం. బడి ఆగితే నలుగురు తల్లులు హెడ్మాస్టరు దగ్గరకు పోయారు. మిగిలినవాళ్లం "రేపు తీస్తార్లే" అనుకున్నాం. ఈ సంఘం కరెంటు కోసం పోరాడిన సంఘం. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులకు ముగ్గురు బలైన ఆ చార్జీల వ్యతిరేక పోరాటాన్ని మనం ఏటా తలచుకుంటాం. కరెంటు అంటే మోటారు మాత్రమే అని ఆ పోరాటం మనకు నేర్పలేదు.

పోయిన రోజులను రెండో శనివారాలు పెట్టి సర్దుతామని అధికారులు అంటున్నారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి 5వ తరగతి వరకు 200 రోజులు, 6 నుంచి 8 వరకు 220 రోజులు బడి నడవాలి. సర్దండి, కాదనం. కానీ కాగితం మీద సర్దడం వేరు, పాఠం చెప్పడం వేరు. ఆ రోజుల్లో అన్నం పెట్టాలి, పాఠం జరగాలి, తేదీలు ముందే తల్లిదండ్రులకు చెప్పాలి.

సంఘం తరఫున మేము అడుగుతున్నవి ఇవి:

1. బడి, ఆసుపత్రి, తాగునీటి పథకం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మొదటి వరుసలో మార్చాలి. ప్రతి మండలంలో అదనపు ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధంగా ఉంచాలి. రవాణా ఖర్చు రైతుల నెత్తిన వేయకూడదు.

2. ప్రతి బడిలో పనిచేసే బోరింగు పంపు ఉండాలి. కరెంటు పోయిన రెండో రోజు నుంచి పంచాయతీ ట్యాంకరు బడికి నీళ్లు పోయాలి.

3. తుఫాను హెచ్చరిక గానీ, తెగిపడిన తీగల ప్రమాదం గానీ లేకుండా, కరెంటు లేదన్న ఒక్క కారణంతో బడి మూయకూడదు. మూయక తప్పకపోతే ఎన్ని రోజులో, ఎందుకో గేటు మీద రాసిపెట్టాలి.

4. అలా పోయిన రోజులను సెలవుగా రాయకూడదు. పిల్లలకు ఆహార భద్రత భృతి ఇవ్వాలి. గత నెల ఐదు రోజులకు కూడా ఇవ్వాలి.

5. లైన్‌మన్ ఖాళీలు నింపాలి. వానాకాలానికి ముందే లైన్ల మీది కొమ్మలు కొట్టించాలి.

అడిగి ఊరుకుంటే రావు. మన వంతు పని కూడా ఉంది. కరెంటు పోయిన గంటలోనే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు లేకపోతే 48 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో వాళ్లే తేలుస్తారు. గడువు దాటితే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు కాగితం పెట్టండి. రాసేవారు లేకపోతే సంఘం ఆఫీసులో రాసిస్తాం. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం చెబుతోంది. ఆ కమిటీ మీటింగుకు సంతకం కోసం కాక మాట్లాడటానికి వెళ్లండి. బడికి రెండో నీటి దారి ఏదని మొదటి ప్రశ్న వేయండి.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ తన ఊళ్లో బడి ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉందో, దాని మీద ఎంత లోడు ఉందో, ఆయిలు కారుతోందో లేదో, బోరింగు పనిచేస్తోందో లేదో చూసి మండల కమిటీకి రాసి పంపాలి. వచ్చే నెల ఆ జాబితాతో ఏఈ ఆఫీసుకు, విద్యాధికారి ఆఫీసుకు ఒకే రోజు పోదాం. ఒకరు ఇంకొకరి మీద చెప్పే వీలు లేకుండా ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడుగుదాం. మిరప తోట కోసం పోయిన అరవై మందిమి పిల్లల కోసం ఆరు వందల మందిమి పోవాలి.