చేయి మనది, కొలత ఎవరిది?

గరుడాద్రి అని పేరుగల అహోబిలం కొండలకు చేరువలోనే ఆళ్లగడ్డ ఉన్నది. అచ్చటి శిల్పుల ఉలిచప్పుడు ఎరుగనివారు మన విద్యార్థులలో ఉండరు. విమానాల మాట చెప్పబోతూ శిల్పులను తలచుటకు కారణం కలదు.

అమెరికాకు చెందిన బోయింగ్, మన దేశపు టాటా సంస్థ 2015లో ఒప్పందం చేసుకొని టాటా బోయింగ్ ఏరోస్పేస్ అను ఉమ్మడి సంస్థను తలపెట్టినవి. హైదరాబాదు సమీపాన ఆదిభట్లలో 2016లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. 2018 మార్చిలో అది ప్రారంభమై, అదే సంవత్సరం జూన్‌లో అపాచీ హెలికాప్టరు దేహభాగాన్ని మొదటిసారి అందించినది. 2021 నాటికి అటువంటివి నూరు పూర్తి అయినవి. ఆ పిమ్మట 737 ప్రయాణికుల విమానానికి తోకపై నిటారుగా నిలిచే రెక్క వంతు వచ్చినది. 2023లో మొదటి రెక్క అమెరికాకు తరలినది.

ఈ సంగతి తరగతిలో చెప్పగా, "అక్కడ మాకు ఉద్యోగాలు దొరుకుతాయా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాని "ఆ విమానానికి నమూనా గీసేది ఎవరు?" అని ఒక్కరూ అడుగలేదు. అడుగని ఆ ప్రశ్నయే మమ్ము కలవరపరచినది.

నమూనా బోయింగ్‌ది. మనవారు చేసిన దేహాలు అమెరికాలోని మేసా నగరం చేరి హెలికాప్టర్లు అగుచున్నవి. పరుల నమూనాకు పనిచేయుట దాస్యమని కొందరందురు. మేము అంగీకరింపము. వెంట్రుకవాసి తేడాను సహింపని పనిలో చేయి తిరుగుట గొప్ప విద్య. అయితే అచ్చటనే ఆగిపోవుట లోపము.

ఆళ్లగడ్డ శిల్పిని చూడుడు. ముఖమును ప్రమాణముగా గైకొని, దేహమునకు ఇన్ని తాళములని లెక్కకట్టి, రాతిపై గీత గీసిన తరువాతనే ఉలి పట్టును. కొలత ఆతనిదే, చేయి ఆతనిదే.

కావున మా విన్నపమొకటి. గణితమును, రేఖాచిత్రణమును మన కళాశాలలో పరీక్ష కొరకు వల్లించుట మాని, తెలుగులోనో ఉర్దూలోనో అర్థమగునట్లు బోధింతము. భాష రాక వెనుకబడినాడే గాని, బుద్ధి లేక వెనుకబడిన పల్లె విద్యార్థిని మేమింతవరకు చూడలేదు. ఆదిభట్లలో మనవారు పనిచేయుట సంతోషమే. వారిలో ఒకరు రేపు తమ గీతను తామే గీయగలిగిననాడు ఆ సంతోషము నిండగును.