ఫైలు మూసినా ఊరు మరవదు

ఉద్యోగం ఖాయమయ్యాక పోలీస్ వెరిఫికేషన్ అంటే ఏ కేసూ లేనివాళ్లకే లోపల గుబులు. మరి పదహారేళ్ల వయసులో ఎవరిదో సెల్‌ఫోన్ కొట్టేసి దొరికిపోయిన కుర్రాడి సంగతేంటి? చట్టం అతని పక్షానే ఉంది. 2015 బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, కేసు ముగిశాక ఆ రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమని పోలీసులు బయటపెట్టకూడదు. పేరు, బడి వివరాలు ప్రచురించి అతన్ని గుర్తుపట్టేలా చేసినవాళ్లకు ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చట్టం మరిచిపోతుంది సరే, ఊరు మరవదు. అనుమసముద్రంపేట లాంటి మండల కేంద్రంలో ఇలాంటి కబురు సాయంత్రానికల్లా బజారంతా పాకుతుంది. ఆ తర్వాత అతన్ని కొట్లో పనికి పెట్టుకునేవాళ్లుండరు. ఎక్కడ ఏం పోయినా మొదటి చూపు అతని మీదికే.

మనకు పెద్దమనుషుల రాజీ ఉంది కదా అంటారు. ఉంది. నలుగురు కూర్చుంటారు, తండ్రి డబ్బు కడతాడు, ‘ఏందబ్బయా ఈ పని’ అని నాలుగు తిట్టి పంపేస్తారు. ఫోన్ పోగొట్టుకున్న మనిషి ఎంత అవస్థ పడిందో పిల్లోడు వినడు. ఆమె అడగాల్సింది అడగదు. పునరుద్ధరణ న్యాయం అనేది సరిగ్గా ఈ ఇద్దరినీ పట్టించుకునే పద్ధతి. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఒక్క రాత్రి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి వాళ్లను వెంటబెట్టుకుని నష్టపోయినవాళ్ల గుమ్మాలు ఎక్కించాడు. వాళ్లు మాట్లాడారు, నష్టం కట్టారు. ఇలాంటి పద్ధతులు తర్వాత చాలా దేశాలకు పాకాయి. న్యూజిలాండ్ 1989లో కుటుంబ సమావేశాలను ఏకంగా చట్టంలోనే పెట్టింది.

మన చట్టంలోనూ ఊరివాళ్లకు చోటుంది, ఎవరూ వాడుకోవడం లేదంతే అనిపిస్తుంది నాకు. 18వ సెక్షన్ కింద బాలల న్యాయ మండలి సామాజిక సేవ చేయమని ఆదేశించొచ్చు. అది ఒక సంస్థ పర్యవేక్షణలోనైనా, మండలి గుర్తించిన కొందరు వ్యక్తుల బృందం పర్యవేక్షణలోనైనా జరగొచ్చు. ఆ బృందం మీరెందుకు కాకూడదు? ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు ఎలాగూ పెట్టాలి. ఎండాకాలానికి ఎండిపోయే మొక్కలు నాటడం కన్నా ఇది మేలు. దర్గా గంధోత్సవానికి జనం పోటెత్తినప్పుడు నీళ్లు పోయడం, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించడం, ప్రభుత్వాసుపత్రిలో చీటీ రాయించడం... ఈ పనుల్లో మీ పదిమందిలో అతను పదకొండోవాడు. వేరే టీషర్టు ఉండదు, వేరే పిలుపు ఉండదు. ఎవరు కేసు మీద వచ్చారో బయటివాడికి తెలియకూడదు.

ఒక హద్దు మాత్రం ఉంది. లైంగిక దాడులు, కులదాడులు, పెద్ద నేరాల్లో వలంటీర్లు వేలు పెట్టకూడదు. ముఖ్యంగా పోక్సో కేసుల్లో రాజీ మాటే ఎత్తకూడదు. చిన్న కేసుల్లో అయినా నష్టపోయినవాళ్లు ఇష్టపడితేనే ముఖాముఖి కూర్చోబెట్టాలి, అదీ మండలికి తెలిసి.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అంటే, రెజ్యూమెలో ఒక్క లైను వస్తుంది, అంతే. కాకపోతే లా, సోషల్ వర్క్ చదివేవాళ్లకు దారి ఇటే. ప్రొబేషన్ అధికారి పోస్టులున్నాయి. మండలిలో మేజిస్ట్రేట్ పక్కన కూర్చునే ఇద్దరు సామాజిక కార్యకర్తల్లో ఒకరు కావాలంటే, పిల్లల కోసం ఏడేళ్లు పనిచేసిన అనుభవమో, లేదా లా, సైకాలజీ లాంటి డిగ్రీతో వృత్తి చేస్తుండడమో అవసరం. న్యాయసేవాధికార సంస్థలు తీసుకునే పారాలీగల్ వలంటీర్లలో విద్యార్థులకూ చోటుంది.

ముందు మీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌తో నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఒక ఉత్తరం రాయించండి. ఎంతమంది ఉన్నారో, ఏ రోజుల్లో వీలవుతుందో, ఏ పని చేయించగలరో అందులో రాయండి. సెల్ఫీలు దిగమని కూడా రాయండి.