మన గర్భాలు, వాళ్ల లెక్కలు

సామాజిక పరిశోధన ప్రభుత్వ విధానాలకు దారి చూపాలని ప్రతి సెమినార్‌లోనూ వింటుంటాం. ఎవరి పరిశోధన? ఎవరు చెబితే వింటారు? ఒక్క చట్టాన్ని తీసుకుని ఈ ప్రశ్న అడగదలచుకున్నాను.

1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం స్త్రీలకు మూడో వంతు స్థానాలిచ్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనీ అదే చట్టం చెప్పింది. ఒక చేత్తో కుర్చీ వేసి మరో చేత్తో లాగేయడమన్నమాట. మూడో కాన్పు వద్దనే అధికారం ఎంతమంది కోడళ్లకుంది? కొడుకు పుట్టేదాకా కనమన్నది ఇంటిల్లిపాదీ. పదవి పోయేది ఆమెకి.

ఈ నిబంధనను 2003లో సుప్రీంకోర్టు జావేద్ కేసులో సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. గర్భస్రావాలు, పోటీ కోసం భార్యల్ని వదిలేసిన భర్తలు, పుట్టిన బిడ్డల్ని దాచడం, దత్తతకిచ్చేయడం అన్నీ అందులో ఉన్నాయి. మధ్యప్రదేశ్, హర్యానా ఆ దశకంలోనే నిబంధనను ఎత్తేశాయి. మన పాలకులు మాత్రం కదల్లేదు.

చివరికి 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని రద్దు చేసింది. స్త్రీల గోడు విని కాదు, జననాలు తగ్గాయని, వృద్ధులు పెరుగుతున్నారని! అంతకు నెల ముందే, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అన్నారు. నిన్న కంటే నేరం, రేపు కనకపోతే నేరమా?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7 అని చెప్పింది. ఆ అంకె అందరికీ వినబడింది. వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మందికి ఆపరేషన్ అయిందని, మగవాళ్లలో అది ఒక్క శాతం కూడా లేదని అదే సర్వే చెప్పింది. అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని, వాక్యాలు చూడటం నా పని. 'కనవద్దు' నుంచి 'కను' దాకా క్రియ మారింది. కర్త ప్రభుత్వమే, స్త్రీ ఎప్పటికీ కర్మే.

స్త్రీల వాంగ్మూలం అనుభవం మాత్రమేననీ, అంకె ఒక్కటే ఆధారమనీ ఇకపై ఒప్పుకోవద్దు. జనాభా మీద ఏ బిల్లు తెచ్చినా, స్త్రీలపై దాని ప్రభావం గురించి జరిగిన అధ్యయనాలను సభ ముందుంచాలి. వాటిలో దేన్ని ఎందుకు తోసిపుచ్చారో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఇంగ్లీషు పత్రికల్లో ఉండిపోయిన ఆ అధ్యయనాలు తెలుగులో వార్డు మెంబరు చేతికి చేరాలి. నిలదీయాల్సింది ఆమె, ఆమెకు ఆధారాలు అందించాల్సింది మనం.