చెత్తకుప్పల చాటున దాస్యము

దాస్యము గతకాలపు మాట యనియు, శాసనములతోనే అది సమసిపోయినదనియు చదువుకొన్నవారు తృప్తి పడుచున్నారు. బానిసపై యజమానికి హక్కు గలదని న్యాయస్థానములు గుర్తింపరాదని మన దేశమున 1843లోనే చట్టము పుట్టెను. 1917లో ఒడంబడిక కూలీలను ద్వీపాంతరములకు పంపుట నిలిచెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిచాకిరిని నిషేధించినది. 1976లో అప్పునకు కట్టుబడి చేయు చాకిరి రద్దయ్యెను. ఇన్ని శాసనములు వెలసిన పిమ్మట గూడ దాస్యము చావలేదు. వేషము మార్చుకొని, బాటసారులు ముక్కు మూసికొని తొలగిపోవు తావున తలదాచుకొన్నది. ఆ తావు చెత్తకుప్ప.

ఇది అతిశయోక్తి యనువారు ఇంగ్లండులో బర్మింగుహాము ప్రాంతమున బయటపడిన వ్యవహారమును పరిశీలింపవలెను. మంచి పనియు, కూలియు, వసతియు దొరకునని ఆశపెట్టి ఒక ముఠావారు పోలండు దేశమునుండి నిరుపేదలను రప్పించిరి. ఇల్లు లేనివారు, చెరనుండి విడుదలైనవారు, త్రాగుడునకు లోబడినవారు ఆ వలలో జిక్కిరి. వారిని పాడుకొంపలలో కుక్కి, చెత్తను వేరుపరచు కర్మాగారములకును, పొలములకును పనికి తోలిరి. కూలి వారి పేరనే బ్యాంకులో పడుచుండెను. ఆ ఖాతాలు మాత్రము ముఠా చేతిలో నుండెను. వారమంతయు శ్రమించినవానికి దక్కినది ఒక్కొక్కప్పుడు 20 పౌనులైనను లేదు. బాధితులు 400కు పైబడియుందురని పోలీసులు అంచనా వేసిరి. 2019లో ఈ కథ లోకమునకు వెల్లడియగునాటికి 8 మంది దోషులుగా తేలిరి.

ఇందు ముఖ్యముగా గమనింపదగిన దొకటి గలదు. ఆ కర్మాగారములవారు బానిసలను కొనలేదు. మనుష్యులు కావలెనని, కూలీలను సమకూర్చు సంస్థల నడిగిరి. అట్టి సంస్థ యొకదానిలో ముఠాకు చెందిన స్త్రీయే ఉద్యోగము చేయుచుండెను. పైనున్నవానికి పని జరిగినది, క్రిందివాడు దోపిడి పాలయ్యెను. నడుమ నేమి జరిగినదో అడిగినవారు లేరు.

తెలుగువారికి ఈ నడిమివాడు పాత పరిచయస్థుడే. మన తీరపు రేవులనుండి రంగూనునకు పోయిన కూలీలను మేస్త్రీలు కూర్చెడివారు. బయానా యిచ్చి అప్పు వ్రాయించుకొని, యజమాని యిచ్చు కూలిని తామే పుచ్చుకొని, తమ భాగము మినహాయించుకొని తక్కినది పంచెడివారు. యజమానికి మేస్త్రీ తెలియును, కూలివాడు తెలియడు. ఆ యెరుగమియే మేస్త్రీకి పెట్టుబడి.

నేటి వర్తకులు దీనినే సరఫరా గొలుసు అనుచున్నారు. కంపెనీ పనిని గుత్తకిచ్చును. గుత్తదారు చిన్న గుత్తదారున కిచ్చును. అతడు మేస్త్రీని పిలుచును. మెట్టుమెట్టునను కొంత మిగుల్చుకొనగా అడుగువానికి మిగులున దేమి? 2015లో బ్రిటనులో చేసిన చట్టము, ఏటా 3 కోట్ల 60 లక్షల పౌనులకు తక్కువ గాని వ్యాపారముగల సంస్థలు దాస్యనివారణకై తామేమి చేసిరో ప్రకటింపవలెనని విధించెను. మంచిదే. కాని యేమియు చేయలేదని ప్రకటించినను ఆ విధి తీరినట్లే! ప్రకటింపనివారికి ఆ చట్టమున జుల్మానా వ్రాయలేదు. కాగితముమీది ప్రతిజ్ఞ మేస్త్రీ చేతిని పట్టుకొనజాలదు.

మన పట్టణములలోను చెత్త నెత్తు పనిలో గుత్తదారులు ప్రవేశించియున్నారు. తరతరములుగా ఈ పనిని కొన్ని కులములకే అంటగట్టిన సంఘమున, ఆ పనివాని గోడు వినిపించుట మరింత కష్టము. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడముల కూలీల వ్యాజ్యెమున సుప్రీముకోర్టు రెండు సంగతులు తేల్చినది. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పని రాజ్యాంగము నిషేధించిన నిర్బంధ చాకిరియే. పనిని గుత్తకిచ్చితిమని చెప్పి ప్రభుత్వము బాధ్యతనుండి తప్పించుకొనజాలదు. ఈ రెండు మాటలను ప్రతి పురపాలక కార్యాలయపు గోడపై వ్రాయింపదగును.

గుత్తదారుల క్రిందివారిని తామెట్లెరుగుదుమని కంపెనీవారు ప్రశ్నింతురు. ప్రతి బండిని కాటామీద కెక్కించి, టన్నుల లెక్కన బిల్లు వ్రాయువారు, ఆ బండి నింపిన మనుష్యుని ఎరుగమనుట నమ్మదగిన మాట కాదు. ఎరుగదలచినచో మార్గములు గలవు. కూలి నేరుగా కూలివాని ఖాతాలోనే పడవలెను. ఆ ఖాతా వాని చేతిలోనే యున్నదా యని విచారింపవలెను. పలువురి కూలి ఒకే ఖాతాకు పోవుచున్నను, పదుగురు ఒకే యింటి చిరునామా చెప్పుచున్నను శంకింపవలెను. మేస్త్రీ లేని తావున, కూలివాని భాషలోనే వానితో మాటలాడవలెను. గుత్తకు లోగుత్త నిచ్చుట మాన్పవలెను. దాస్యము బయటపడిననాడు గుత్త రద్దుచేసి చేతులు కడుగుకొనుట చాలదు. వాని బాకీ కూలి చెల్లించి, వేరొక పని చూపవలెను. లేనిచో వాడు మరల ఆ మేస్త్రీ గుమ్మమే త్రొక్కును.

తుదకు పురజనులకొక మాట. వీధి అద్దమువలె నుండవలెను, పన్ను మాత్రము పెరుగరాదు అని కోరుచున్నాము. అందరికంటె తక్కువకు పాడినవానికే టెండరు దక్కుచున్నది. కనీస వేతనములు లెక్కగట్టిన మొత్తమునకే చాలని టెండరు వచ్చినపుడు, ఆ తరుగు ఎవని కడుపునుండి తీయబడునో తెలియదా? అట్టి టెండరును విప్పినచోటనే త్రోసివేయవలెనని మా నిశ్చితాభిప్రాయము. వీధి యెవరు ఊడ్చుచున్నారని గాక, ఊడ్చినవాని చేతికి కూలి యెంత ముట్టుచున్నదని మన పురపాలక సభ్యుల నడుగుదము. ఆ ప్రశ్న కూలివాడు అడిగినచో పని పోవును. మన మడిగినచో పోవున దేమియు లేదు.