ఓర్పును పొగడు కళ, నిలదీయు కళ

వానకాలమున తిరువూరు ప్రాంతపు వినగడప పేరు పత్రికలకెక్కుటకు ఒక్కటే మార్గము కలదు: కట్టలేరు పొంగవలెను. వినగడపకును తోటమూలకును నడుమ ఆ వాగు చప్టాను ముంచి పారిన దినమున, రాకపోకలు స్తంభించినవని నాలుగు పంక్తుల వార్తయు, పంచె ఎగగట్టి ఒడ్డున నిలిచిన రైతు ఛాయాచిత్రమును, దాని క్రింద అతని మొక్కవోని ధైర్యమును కొనియాడు ఒక వాక్యమును అచ్చువేసి మనము ఋణవిముక్తులమైతిమని భావింతుము. ఎగువన ఖమ్మం సీమలో కురిసిన వాన ఇచటికి వరదయై దిగుననుట ఎవరికిని తెలియని రహస్యము కాదు, ఏటేట చూచుచున్నదే. అయినను ఆ రైతు ధైర్యవంతుడై యుండుట మనకెంతయో సౌకర్యముగా నున్నది.

ప్రకృతి యుగ్రతయు దాని యెదుట మానవుని నిలుకడయు మన పల్లెకళలకు నిన్న మొన్న దొరికిన వస్తువులు కావు. వానలు మొగము చాటువేసిన యేట రోకలికి వేపమండలు చుట్టి, నడుమ ఒక కప్పను గట్టి, ఇరువురు భుజములకెత్తుకొని కప్పతల్లి పాటలు పాడుచు ఇంటింటికి తిరుగుదురు. ప్రతి వాకిటను ఇల్లాలు చెంబెడు నీళ్లు దానిపై గుమ్మరించును. నీటికై కటకటపడు దినములలో ఆ చెంబెడు నీళ్లు నేలపాలు చేయుట ఎంత సాహసమో నూతిలో చేద అడుగంటిన యింటివారికే తెలియును. అప్పటికిని మేఘము కరుగదేని విరాటపర్వము చదివింతురు. విరాటుని కొలువునకును వానమబ్బునకును గల చుట్టరికమేమో పౌరాణికులనే అడుగవలెను గాని, తిక్కన పద్యము వినుచు ఊరంతయు ఒకచోట కూర్చుండుట యొక్కటియే చాలునని నాకు తోచును. ఈ రెంటియందును గమనింపదగిన దేమనగా, వీనిలో ఎవరును ఎవరి యోర్పును పొగడుట లేదు. ఆకాశమును అడుగుచున్నారు, అలిగిన పెద్దదిక్కును బ్రతిమాలినట్లు, ఒక్కొక్కప్పుడు దెప్పినట్లును అడుగుచున్నారు.

ఆకాశమును గాక మనుష్యుని నిలదీసిన కావ్యము మాత్రము 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెన పిమ్మట వెలసినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే పదివేల ప్రాణములను సముద్రము మింగినది. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావులు జోలెపట్టి విరాళములు సేకరించిరి. మండలి వెంకట కృష్ణారావు ఆ శవాల దిబ్బల నడుమ సహాయకార్యములకు పూనుకొనెను. అవి ఆనాడు జరుగవలసిన పనులే. కాని దిగంబర కవులలో ఒకడైన నగ్నముని ‘కొయ్యగుర్రం’ అను దీర్ఘకావ్యమున జాలితో తృప్తిపడక, కదలవలసిన వేళ కదలని పాలనాయంత్రాంగమును బోనునెక్కించెను. సముద్రమునకు ధర్మాధర్మ విచక్షణ లేదు, దానిపై కోపించి ప్రయోజనము లేదు; విచక్షణ గలవాడు ఏమి చేయుచుండెనన్నదే ప్రశ్న. విషాదమును చూచి కన్నీరు పెట్టించు పద్యములు తెలుగున కొల్లలు. కన్నీటిని ప్రశ్నగా మార్చినవి అరుదు. ఆ యరుదైన వానిలో దీనిని ముందు వరుసన నిలుపుటకు నేను సంకోచింపను.

2024 సెప్టెంబరు తొలి దినములలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులకు మించి పారినది. మరొకవంక బుడమేరునకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ దినములకొలది నీటిలో నానినది. అప్పుడును మిద్దెలపైని మనుష్యుల గుండెనిబ్బరమును మనము కీర్తించితిమి. నిబ్బరము అసత్యమని నేననను. మేడపై చిక్కి పాలపొట్లమునకై చేయి చాచిన తల్లికి అది తప్ప మరేమున్నది? అయితే గత్యంతరము లేనివాని యోర్పును సుగుణమని చిత్రించు కళ, ఎరుగకయే ఏలికలకు వకాల్తా పుచ్చుకొనుచున్నది. కట్టలేటి వరదను గీయదలచిన చిత్రకారుడు రైతు కనుబొమల ముడులకు ముందుగా చప్టా యెంత పల్లముగా నున్నదో గీయవలెను.

మెట్టసీమలో వానకై విరాటపర్వము చదివించు అలవాటు ఇంకను మిగిలిన ఊళ్ల పెద్దలకు నాదొక విన్నపము: ఏటేట నవంబరు 19న, రచ్చబండ వద్దనో బడిలోనో, ‘కొయ్యగుర్రం’ కూడ ఒకరిచేత బిగ్గరగా చదివింపుడు; వినుటకు మీ ప్రతినిధులను, అధికారులను కూడ పిలువుడు.

— మెట్టవాసి