ఆమె మాటకే రుజువు కావాలా?

‘‘పరిహారం కోసమే చస్తున్నారు. ప్రతి చావునూ ప్రతిపక్షాలు అప్పుల లెక్కలో రాయిస్తున్నాయి.’’ విడపనకల్లులో ఒక పెళ్లి భోజనాల దగ్గర చదువుకున్న ఒకాయన అన్న మాట ఇది. ఎవరు చెప్పారని అడిగాను. ‘‘అందరికీ తెలిసిందే కదమ్మా’’ అన్నాడు.

ఆ ‘అందరి’లో భర్తను పోగొట్టుకున్న స్త్రీ లేదు. ఆమె నోరు విప్పితే మాత్రం ఆధారం కావాలి. 2004 నాటి జీవో 421 ప్రకారం ఆ కుటుంబానికి 1.5 లక్షల రూపాయలు. అందులో 50 వేలు అప్పు తీర్చడానికి. అది అందాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల విచారణ దాటాలి. ఎఫ్‌ఐఆర్‌, పోస్టుమార్టం నివేదిక, పాసుపుస్తకం, అప్పు పత్రాలు చూపాలి. గుత్త నోటిమాట మీద నడిచింది. పాసుపుస్తకం మామ పేర ఉంది. వడ్డీకిచ్చినవాడి దగ్గరున్న నోటు ఆమె కంటపడలేదు. ఇక ఆ చావు రైతు చావే కాదు! 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పరిహారం 7 లక్షలయింది. కాగితాల కష్టం మాత్రం పోలేదు.

విచారణ వద్దనను. దొంగ దరఖాస్తులూ ఉండొచ్చు. స్త్రీ చెప్పింది కాబట్టి కళ్లు మూసుకుని నమ్మమనీ అనను. కానీ ఇన్ని కాగితాలు మోసే ఆమెను అనుమానించి, ఒక్క కాగితమూ లేని పుకారును నమ్మడం ఏ రకం హేతువాదం? ఒక మాట నూరు నోళ్లలో తిరిగితే నూరు సాక్ష్యాలవుతాయా?

మనమూ తక్కువేం కాదు. మన వ్యాసాల్లో అధికారి మాట ‘సమాచారం’, ఆమె మాట ‘ఆవేదన’. ముందు ఈ తేడా చెరిపేద్దాం. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుదాం: నీకెలా తెలుసు?